మ్యాప్ మీద గీత, అడుగున వల

మెరైన్ ప్రొటెక్టెడ్ ఏరియా, పొట్టిగా ఎంపీఏ, దీని గురించి వార్త ఎప్పుడొచ్చినా ఒకటే వరస. ఫలానా దేశం ఇన్ని లక్షల చదరపు కిలోమీటర్ల సముద్రాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది, పక్కన ఒక తాబేలు ఫొటో, పైనుంచి డ్రోన్‌తో తీసిన నీలం నీళ్లు, అందరూ చప్పట్లు. నాకు చిరాకు మొదలయ్యేది ఆ చదరపు కిలోమీటర్ల దగ్గరే. అది నీటి పైభాగం కొలత. వంద మీటర్లో నాలుగు వేల మీటర్లో కిందికి దిగితే వచ్చే నేల మీద ఏముంది, అక్కడ ఏం చేయనిస్తున్నారు, ఏం చేయనివ్వట్లేదు, ఇవేవీ ఆ అంకెలో ఉండవు. ఉండవు కాబట్టి ఎవరూ అడగరు, ఎవరూ అడగరు కాబట్టి చాలా చోట్ల పైన బోర్డు పెట్టేసి కింద మామూలుగానే వలలు ఈడ్చేస్తుంటారు. ఈ పోస్ట్ మొత్తం ఆ కింద సంగతే, కొంచెం పొడుగుంటుంది, ఓపికుంటే చదవండి.

భూమి ఉపరితలంలో 71 శాతం సముద్రం, దాని సగటు లోతు దాదాపు 3,700 మీటర్లు. అంటే ఈ గ్రహం మీద ఉన్న నేలలో ఎక్కువ భాగం చీకట్లో, చలిలో, అంత నీటి బరువు కింద ఉంది. అందులోనూ ఎక్కువ శాతం బురద. పగడాలూ రంగు చేపలూ కాదు, ఉత్త బురద. 200 మీటర్లు దాటిన లోతుల్లో మనుషులు కంటితో గానీ కెమెరాతో గానీ చూసిన అడుగు మొత్తం కలిపినా 0.001 శాతం కూడా లేదని 2025లో ఒక లెక్క వచ్చింది. నాకు ఆ లెక్క మీద పెద్దగా ఆశ్చర్యం వేయలేదు, దిగడం అంత ఖర్చు, అంత కష్టం. ఆశ్చర్యం ఎక్కడంటే, ఒక్కసారి కూడా చూడని చోట్ల మీదుగా ఇనుప గొలుసులు లాక్కెళ్లడానికి మాత్రం ఎవరికీ కష్టం అనిపించకపోవడం.

బురదలో ఏముంటుందిలే అనుకోవడం కొత్త కాదు. 1840ల్లో ఎడ్వర్డ్ ఫోర్బ్స్ అనే ఆయన ఏజియన్ సముద్రంలో అడుగు తవ్వి చూసి, లోతుకి పోయే కొద్దీ జీవులు తగ్గిపోతున్నాయి కాబట్టి దాదాపు 550 మీటర్ల కింద ప్రాణం అనేదే ఉండదని తేల్చేశాడు. తర్వాత 1872 నుంచి 1876 దాకా చాలెంజర్ అనే ఓడ ప్రపంచం చుట్టి వేల మీటర్ల లోతు నుంచి కూడా జీవుల్ని పైకి తెచ్చింది. అయినా "ఉంటాయిలే, అక్కడొకటి ఇక్కడొకటి" అన్న అభిప్రాయం ఇంకో తొంభై ఏళ్లు నడిచింది, 1960ల్లో సన్న జల్లెడతో బురదని మెల్లగా కడిగి చూడటం మొదలెట్టాక గానీ అసలు బొమ్మ తెలియలేదు. 1992లో గ్రాసిల్, మాసియోలెక్ అని ఇద్దరు అమెరికా తూర్పు తీరానికి ఎదురుగా లోతులో తీసిన 233 బాక్స్ కోర్ల వివరాలు రాశారు. బాక్స్ కోర్ అంటే ముప్పై సెంటీమీటర్ల చదరంలో బురదని పెట్టెతో కోసి తీసే పరికరం. అన్నీ కలిపితే ఇరవై ఒక్క చదరపు మీటర్లు, ఒక గది అంత. అందులో 798 జాతులు! పాలీకీట్ పురుగులు, చిన్న చిన్న రొయ్య జాతి జీవులు, ఆల్చిప్పలు. ఇదంతా ఇసుక రేణువు కంటే కొంచెం పెద్దగా ఉండే వాటి లెక్క, అంతకంటే చిన్న నెమటోడ్ల (దారంలాంటి సన్న పురుగులు) లాంటివి ఇందులో లేనే లేవు.

ఈ జీవులు అక్కడ ఊరికే ఉండవు. బొరియలు తవ్వుతాయి, బురదని మింగి బయటికి వదుల్తాయి, పైనుంచి రాలే చెత్తని (చచ్చిన పాచి, చేపల రెట్ట, ఇవన్నీ కలిసి పొడిలా ఏళ్ల తరబడి రాలుతూనే ఉంటాయి) లోపలికి లాక్కెళ్తాయి. వాటి బొరియల్లోంచే బురదలోకి ఆక్సిజన్ వెళ్తుంది, అక్కడి బ్యాక్టీరియా ఆ చెత్తని మళ్లీ పోషకాలుగా మార్చి నీళ్లలోకి పంపుతుంది, ఆ పోషకాలతో పైన పాచి పెరుగుతుంది, పాచి మీద చేపలు. అంటే మనం పట్టుకునే చేపకి బురదలో పురుగుకి లింకు ఉంది, సూటిగా కాకపోయినా ఉంది. పురుగు బొరియలు తవ్వకపోతే బురద పై పొర కింద ఊపిరాడదు, నల్లగా కుళ్లిపోతుంది.

ఇప్పుడు ట్రాలింగ్. బాటమ్ ట్రాలింగ్ అంటే సంచిలాంటి పెద్ద వలని అడుగున ఈడవటం. వల మూతి తెరుచుకుని ఉండటానికి రెండు పక్కలా బరువైన పలకలు, వాటిని డోర్స్ అంటారు, వల కింది అంచుకి బరువు తాడు, కొన్ని రకాల్లో ముందు గొలుసులు, అడుగున దాక్కున్న చేపని బెదరగొట్టి లేపడానికి. స్కాలప్‌ల (ఒక రకం ఆల్చిప్పలు) కోసం వాడే డ్రెడ్జ్‌కి (అడుగుని గీరే ఇనుప చట్రం) అయితే ఏకంగా ఇనుప పళ్లే ఉంటాయి. అన్నీ ఒకేలా పాడుచేయవు, ఇది చెప్పకపోతే అన్యాయం. 2017లో ప్రపంచవ్యాప్తంగా ఉన్న పాత పరిశోధనలన్నీ కలిపి చూసిన ఒక పేపర్ ప్రకారం ఓటర్ ట్రాల్ (పైన చెప్పిన డోర్స్ ఉన్న వల) ఒక్కసారి వెళ్తే సగటున 2.4 సెంటీమీటర్లు దిగి, అక్కడి జీవరాశిలో 6 శాతం పోతుంది. హైడ్రాలిక్ డ్రెడ్జ్ (నీటి ధారతో బురదని తవ్వేది) అయితే 16 సెంటీమీటర్లు దిగి 41 శాతం పట్టుకుపోతుంది. కోలుకోవడానికి రెండేళ్ల నుంచి ఆరేళ్ల పైచిలుకు. ఇది చదివి చేపల పరిశ్రమ వాళ్లు చూశారా ఆరే శాతం అంటారు. నిజమే, ఒక్కసారి వెళ్తే. ఏడాదికి పదిసార్లు అదే దారిలో పోయే చోట రెండేళ్ల విరామం ఎక్కడి నుంచి వస్తుంది?

పైగా అవి సగటులు. సగటులో రెండు నెలలు బతికే పురుగూ ఉంది, రెండు వందల ఏళ్లు బతికే ప్రాణీ ఉంది. ట్రాలింగ్ జరిగే చోట మొదట పోయేవి రెండో రకమే, మెల్లగా పెరిగేవి, నిటారుగా నిలబడేవి, ఒక చోట పాతుకుని ఉండేవి. స్పాంజిలు, సీ ఫ్యాన్లు (విసనకర్రలా పెరిగే పగడాలు), మిగతా పగడాలు. హవాయి దగ్గర లోతులో దొరికిన ఒక నల్ల పగడం వయసు కార్బన్ డేటింగ్‌తో చూస్తే దాదాపు 4,265 ఏళ్లు తేలింది. అలాంటిదాని మీద వల ఒక్కసారి పోయినా పదిసార్లు పోయినా ఒకటే.

అన్ని సముద్రాల్లోనూ ఇంతే తీవ్రంగా ఉందా అంటే లేదు. 2018లో 24 ప్రాంతాలకి శాటిలైట్ డేటాతో, లాగ్‌బుక్కులతో కట్టిన లెక్కలో సగటున 14 శాతం అడుగు మాత్రమే ట్రాల్ అవుతోంది. కానీ అడ్రియాటిక్ సముద్రంలో 80 శాతం దాటింది, దక్షిణ చిలీలో ఒక శాతం కూడా లేదు. సముద్రం అడుగంతా సర్వనాశనం అయిపోయింది అని రాసేవాళ్లనీ, ఏం కాలేదు అనేవాళ్లనీ ఇద్దర్నీ ఈ ఒక్క లెక్కతో ఆపొచ్చు. కొన్ని చోట్ల ఘోరం, చాలా చోట్ల ఇంకా చేతిలో ఉంది. చేతిలో ఉన్నప్పుడే గీత గీయాలి, ఎంపీఏ అనేది దానికే కదా.

మరి గీతలు ఎలా గీశారు? ఇక్కడే నాకు బాగా మండిన పేపర్ ఒకటుంది. 2018లోనే సైన్స్ పత్రికలో వచ్చింది, యూరప్‌లో 727 ఎంపీఏలని తీసుకుని చూశారు. వాటిలో 59 శాతంలో కమర్షియల్ ట్రాలింగ్ జరుగుతోంది. సరే, అది కొంత ఊహించిందే. కానీ ట్రాలింగ్ తీవ్రత రక్షిత ప్రాంతం బయట కంటే లోపలే 1.4 రెట్లు ఎక్కువ! లోపలే ఎక్కువ అండీ. షార్కులు, రే చేపల్లాంటి సున్నితమైన జాతులు ట్రాలింగ్ ఎక్కువున్న చోట బాగా తగ్గిపోయి ఉన్నాయి, అంటే రక్షిత ప్రాంతం అని పేరున్న చోటే అవి తక్కువ. కంచే చేను మేయడం అంటే ఇదే. దీనికి కారణం దొంగతనం కాదు, అంతా చట్టబద్ధం. ఎంపీఏ అని ప్రకటించడం వేరే కాగితం, చేపల వేట నియమాలు వేరే కాగితం, రెండో కాగితం మార్చకుండా మొదటి కాగితానికి రిబ్బన్ కట్ చేశారు.

అందుకే 2021లో చాలామంది సైంటిస్టులు కలిసి ఎంపీఏ గైడ్ అని ఒకటి తయారు చేశారు, ఏ రక్షిత ప్రాంతాన్నైనా రెండు ప్రశ్నలతో చూడమని. ఒకటి, అది ఏ దశలో ఉంది, ఊరికే ప్రకటించారా, చట్టం చేశారా, అమలవుతోందా, చురుగ్గా చూసుకుంటున్నారా. రెండు, అక్కడ ఏమేం చేయనిస్తున్నారు, దాన్ని బట్టి పూర్తి రక్షణ, గట్టి రక్షణ, తేలిక రక్షణ, నామమాత్రం. ఇండస్ట్రియల్ చేపల వేట నడుస్తుంటే దాన్ని రక్షిత ప్రాంతం అనడమే కుదరదని చెప్పేశారు. ఈ జల్లెడలో వేస్తే ప్రపంచంలో పదో వంతుకి అటూ ఇటూ ఉందని చెప్పుకునే రక్షిత సముద్రం కాస్తా దాదాపు 3 శాతానికి పడిపోతుంది. 2022 డిసెంబర్లో మాంట్రియల్‌లో దేశాలన్నీ ఒప్పుకున్న టార్గెట్ 2030కి 30 శాతం. ఇంత దూరం ఉన్నప్పుడు ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు, అంకె ఎక్కువ వచ్చే చోట, గొడవ తక్కువ వచ్చే చోట గీతలు పడతాయి, ఎవరూ వల వేయని మారుమూల సముద్రం నడిమధ్యలో. మారుమూల చోట్లు కాపాడటం తప్పని నేను అనట్లేదు, అవి కూడా కావాలి. కానీ తీరానికి దగ్గరగా, రోజూ వల పడే బురద నేలలు ఆ లెక్కలోకి రాకుండానే 30 నిండిపోతే ఆ 30కి అర్థం ఏంటి?

బాగా చేసిన చోట్లు లేవా అంటే ఉన్నాయి. ఆస్ట్రేలియాలో గ్రేట్ బారియర్ రీఫ్ పార్కుని 2004లో మళ్లీ జోన్లుగా విభజించారు. అంతకు ముందు వేట పూర్తిగా నిషేధించిన భాగం 4.5 శాతమే, అదీ ఎక్కువగా పగడాల చుట్టూ. అప్పుడు వాళ్లు చేసిన మంచి పని ఏంటంటే పార్కు మొత్తాన్ని 70 బయోరీజియన్లుగా, అంటే ఒక్కో రకం నేలా జీవులూ ఉండే ప్రాంతాలుగా మ్యాప్ చేయడం, అందులో 30 పగడపు దిబ్బలవి, 40 దిబ్బలు కానివి, అంటే ఇసుక, బురద, సముద్రపు గడ్డి, స్పాంజిలుండే లోతట్టు నేలలు. ఒక్కొక్క దాంట్లో కనీసం 20 శాతం వేట లేకుండా ఉండాలని రూల్ పెట్టుకున్నారు. చివరికి మొత్తం మీద 33 శాతం నో టేక్, అంటే ఏదీ పట్టకూడని చోటు, అయింది, ట్రాలింగ్‌కి పార్కులో మూడో వంతే మిగిలింది. పేరు పగడాలది, కానీ నలభై రకాల బురదా ఇసుకా కూడా సమానంగా లెక్కలోకి వచ్చాయి. నా దృష్టిలో ఆ ప్లాన్‌లో అన్నిటికంటే గొప్ప లైన్ అదే, దాని గురించి రాసేవాళ్లు తక్కువ.

ఇంకొకటి ఇంగ్లండ్ దక్షిణ తీరంలో లైమ్ బే. అక్కడ గులాబీ రంగు సీ ఫ్యాన్లు, రాస్ కోరల్ అనే, పగడంలా కనిపించే చిన్న జీవుల గుంపులు ఉండే రాతి దిబ్బలు, వాటి మధ్యలో గులకరాళ్లూ ఇసుకా. స్కాలప్ డ్రెడ్జ్‌లు వాటిని చిదిమేస్తుంటే 2008లో 206 చదరపు కిలోమీటర్లలో ఈడ్చే పరికరాలన్నీ నిషేధించారు. ఇందులో కిటుకేంటంటే రాతి దిబ్బలని మాత్రమే చుక్కలు చుక్కలుగా కాపాడి మధ్యలో ఇసుకని వదిలేయలేదు, మొత్తం గీత లోపల అంతా ఆపారు. ఆపాక చూస్తే "ఇక్కడ ఇసుకే, దిబ్బ లేదు" అనుకున్న చోట్ల కూడా దిబ్బ మీద పెరిగే జీవులే మొలవడం మొదలెట్టాయి. పల్చటి ఇసుక కింద రాయి ఉంది, ఇన్నేళ్లూ డ్రెడ్జ్ వాటిని లేవనివ్వలేదు, అంతే. ఇది చాలా పెద్ద విషయం. ఎందుకంటే సాధారణంగా ఎంపీఏ ప్లాన్ చేసేటప్పుడు ఇప్పుడు ఎక్కడ ఏముందో చూసి దాని చుట్టూ గీస్తారు, ఇప్పటికే దశాబ్దాలుగా గీరేసిన నేల మీద ఏమీ కనపడదు, కనపడట్లేదు కాబట్టి రక్షణ అక్కర్లేదంటారు, అక్కర్లేదన్నారు కాబట్టి మళ్లీ గీరతారు. 2013-14 చలికాలంలో భయంకరమైన తుఫాన్లొచ్చి లైమ్ బేలో కోలుకున్నదంతా చాలావరకు కొట్టుకుపోయింది కూడా, తర్వాత మళ్లీ లేచింది. తుఫాను అప్పుడప్పుడూ వస్తుంది, డ్రెడ్జ్‌కి ఆ తేడా ఉండదు.

లైమ్ బేలో చిన్న పడవల వాళ్లకి బోనులు వేసుకోనిచ్చారు, పీతలూ లాబ్‌స్టర్ల కోసం. చాలామందికి ఇది రాజీలా అనిపిస్తుంది, నాకైతే సరైన పనే అనిపిస్తుంది. బోను ఒక చోట కూర్చుంటుంది, ఈడ్చుకుపోదు. అయితే దానికీ హద్దుంది, బోనులు మరీ గుంపుగా వేసిన చోట రాస్ కోరల్ తగ్గుతోందని అక్కడే ప్రయోగం చేసి చూశారు. కాబట్టి చిన్నవాళ్ల వేట అంతా పవిత్రం అనే మాట కూడా చెల్లదు, ఎన్ని అన్నది లెక్కేసుకోవాల్సిందే.

అడుగుని కాపాడాలంటే అడుగునే పట్టుకోవాలనీ లేదు, ఒక్కోసారి పైనుంచి వస్తుంది. న్యూజిలాండ్‌లో లీ దగ్గర 1975లో ఒక చిన్న రిజర్వ్ పెట్టారు, దాదాపు 5 చదరపు కిలోమీటర్లు, ప్రపంచంలో తొలినాటి నో టేక్ రిజర్వుల్లో ఒకటి. అప్పటికి అక్కడి రాళ్లు బోడిగా ఉండేవి, కెల్ప్ అనే పెద్ద నాచుని సీ అర్చిన్లు (ముళ్ల బంతుల్లాంటి జీవులు) మేసేసేవి, అర్చిన్లని తినాల్సిన స్నాపర్ చేపలూ క్రేఫిష్‌లూ వేటకి పోయాయి. వేట ఆగాక అవి తిరిగొచ్చి పెరిగి పెద్దవయ్యాయి, అర్చిన్లని తిన్నాయి, కెల్ప్ అడవి మళ్లీ వచ్చింది. ఇదంతా రెండు మూడేళ్లలో కాలేదు, రెండు దశాబ్దాలు పట్టింది. 2014లో ప్రపంచంలో 87 ఎంపీఏలని పోల్చి చూసిన పరిశోధన కూడా ఇదే చెప్పింది. వేట పూర్తిగా లేకపోవడం, గట్టి నిఘా, పదేళ్లు దాటిన వయసు, వంద చదరపు కిలోమీటర్లు దాటిన సైజు, చుట్టూ లోతు నీళ్లో ఇసుకో ఉండి విడిగా ఉండటం, ఈ ఐదింట్లో ఒకటో రెండో మాత్రమే ఉన్న ఎంపీఏలకీ మామూలు వేట ప్రాంతానికీ చేపల విషయంలో తేడా కనపడలేదు. వాళ్లు చూసిన వాటిలో 59 శాతం ఆ బాపతే. లీ చిన్నదే, కానీ వయసుంది, నిఘా ఉంది, నియమం సింపుల్‌గా ఉంది. ఏదీ పట్టకూడదు, అంతే, వాదనకి చోటు లేదు.

లోతుకి పోతే మాత్రం ఈ కోలుకోవడం కథ ఆగిపోతుంది. స్కాట్లండ్‌కి వాయవ్యంగా దాదాపు 1,000 మీటర్ల లోతులో డార్విన్ మౌండ్స్ అని పగడాలతో నిండిన చిన్న చిన్న గుట్టలున్నాయి, చల్లనీళ్లలో, వెలుతురు లేకుండా పెరిగే పగడాలు. 1998లో కనిపించాయి. రెండేళ్లు తిరక్కుండానే వాటి మీద ట్రాల్ గుర్తులు, విరిగిన పగడాల ముక్కలు. 2003లో అత్యవసరంగా మూసేశారు, 2004లో శాశ్వతం చేశారు. ఇది నిజంగా మంచి అమలు, పడవల ట్రాకింగ్ డేటా చూస్తే నిషేధాన్ని బాగానే పాటించారు. ఎనిమిదేళ్ల తర్వాత వెళ్లి చూస్తే ముందు నుంచీ దెబ్బతినని గుట్టలు బాగున్నాయి, బాగా ట్రాల్ అయిన వైపు కోలుకున్న జాడే లేదు. అంటే ఎంపీఏ ఉన్నదాన్ని నిలబెట్టింది, పోయినదాన్ని తేలేదు. లోతు సముద్రంలో మూసేయడం అనేది మందు కాదు, ముందే చేయాల్సిన పని. నార్వే 2002లో రోస్ట్ అనే భారీ చల్లనీటి పగడపు దిబ్బని కనుక్కుని మరుసటి ఏడాదే ట్రాలింగ్ ఆపేసింది, అది పద్ధతి. అప్పటికే వాళ్ల దేశపు దిబ్బల్లో మూడో వంతు నుంచి సగం దాకా దెబ్బతిన్నాయని వాళ్ల సైంటిస్టులే అంచనా వేసి ఉన్నారు, అందుకే ఆ తొందర.

కెనడా పడమటి తీరంలో గాజు స్పాంజిల దిబ్బలది ఇంకో పాఠం. జురాసిక్ కాలపు శిలాజాల్లో తప్ప ఇలాంటి దిబ్బలు ఇక లేవనుకున్నారు, 1987లో హెకాటె జలసంధిలో సజీవంగా దొరికాయి, వయసు దాదాపు 9,000 ఏళ్లు. సిలికాతో కట్టుకున్న శరీరాలు, తగిలితే గాజులాగే పగుల్తాయి. కానీ తగలకపోయినా ప్రమాదమే, దగ్గర్లో వల ఈడిస్తే లేచే బురద మేఘం ప్రవాహంలో కొట్టుకొచ్చి వీటి మీద పడుతుంది, స్పాంజి నీళ్లు వడగట్టుకుని బతికే జీవి, బురద తగలగానే నీళ్లు లాగడం ఆపేస్తుంది, ఆపితే తిండి లేదు. అందుకే 2017లో అక్కడ ఎంపీఏ పెట్టినప్పుడు దిబ్బ చుట్టూ వేరే జోను, దిబ్బ పైన నీళ్లలో ఇంకో జోను అని విడివిడిగా పెట్టారు. గీత ఎక్కడ ఆగాలన్నది దిబ్బ అంచుని బట్టి కాదు, బురద ఎంత దూరం కొట్టుకొస్తుందన్నదాన్ని బట్టి ఉండాలి. ఇది మామూలు మ్యాపుల్లో ఎక్కడా కనపడదు.

ట్రాలింగ్ బురదలోంచి కార్బన్‌ని లేపుతుంది, విమానాలంత కాలుష్యం అని 2021 నుంచి బాగా తిరుగుతున్న వాదన ఒకటుంది. నేను దాన్ని వాడను. ఆ అంచనా చాలా ఎక్కువ అని వేరే సైంటిస్టులు గట్టిగానే ఎదురు చెప్పారు, ఇంకా తేలలేదు. అడుగున ఉన్న జీవుల కోసం అడుగుని కాపాడాలి అంటే సరిపోదా, దానికి వాతావరణం లెక్క కూడా తగిలిస్తేనే గానీ ఎవరూ వినరా అనిపిస్తుంది నాకు.

వేటకెళ్లే మనుషుల మాట కూడా రావాలి. ఒక చోట మూసేస్తే పడవలు మాయం కావు, పక్క చోటికి పోతాయి, ఇప్పటిదాకా వల పడని బురద మీదికి పోతే మొత్తం మీద నష్టం పెరిగినా పెరుగుతుంది. కాబట్టి మూయడంతో పాటు మొత్తం వేట తగ్గించే ఏర్పాటు లేకపోతే గీత జరిపినట్టే, అంతకు మించి ఏం కాదు. పైనుంచి వచ్చి గీసిన గీతల్ని స్థానికులు ఎందుకు పాటించాలి అన్నది ఇంకొకటి. స్కాట్లండ్‌లో ఆరన్ దీవి వాళ్లది దీనికి సరిగ్గా తిరగేసిన కథ. ఇద్దరు స్థానిక డైవర్లు కళ్ల ముందు అడుగు పాడైపోవడం చూసి 1995లో ఒక సంఘం పెట్టి, పదమూడేళ్లు వెంటపడి 2008లో లామ్‌లాష్ బేలో నో టేక్ జోన్ తెచ్చుకున్నారు, మూడు చదరపు కిలోమీటర్లు కూడా లేదు. అక్కడ మేర్ల్ అని గులాబీ రంగు రాతినాచు పరుపులు, ఏడాదికి మిల్లీమీటరు పెరిగితే గొప్ప, వాటి సందుల్లో స్కాలప్ పిల్లలు దాక్కుంటాయి. ఇప్పుడు లోపల స్కాలప్‌లూ లాబ్‌స్టర్లూ బయట కంటే పెద్దవి. తర్వాత 2014లో చుట్టూ పెద్ద ఎంపీఏ కూడా వచ్చింది. మూడు చదరపు కిలోమీటర్లకి పదమూడేళ్లు, దాన్ని చూస్తే 2030 టార్గెట్ గురించి కొంచెం నవ్వొస్తుంది.

ఇక ఎవరి దేశమూ కాని సముద్రం సంగతి. అంటార్కిటికా చుట్టూ నియమాలు పెట్టే కమిషన్‌లో ఏ నిర్ణయానికైనా అందరూ ఒప్పుకోవాలి. 2016లో రాస్ సముద్రానికి ఒప్పుకున్నారు, 15 లక్షల చదరపు కిలోమీటర్లు దాటి, అదీ 35 ఏళ్లకే. వెడెల్ సముద్రం ప్రతిపాదన అప్పటి నుంచీ టేబుల్ మీదే ఉంది, రష్యా, చైనా ఒప్పుకోవట్లేదు. ఈలోపు 2021లో జర్మనీ ఓడ పోలార్‌స్టెర్న్ అక్కడ కెమెరా ఈడుస్తూ పోతుంటే ఐస్‌ఫిష్ గూళ్లు కనిపించాయి, ఒకటి, ఇంకొకటి, అయిపోతాయేమో అనుకుంటే అవ్వట్లేదు, దాదాపు 240 చదరపు కిలోమీటర్ల మేర, అంచనా 6 కోట్ల గూళ్లు, చాలా గూళ్లల్లో గుడ్లకి కాపలాగా ఒక పెద్ద చేప. ప్రపంచంలో తెలిసిన అతి పెద్ద చేపల సంతానోత్పత్తి కాలనీ. అది కనిపించాక కూడా ఆ కమిషన్‌లో ఓటు మారలేదు.

గనుల వ్యవహారం ఇంకా విచిత్రం. పసిఫిక్‌లో క్లారియన్ క్లిపర్టన్ జోన్‌లో నాలుగు వేల మీటర్లు దాటిన లోతులో బంగాళాదుంపంత మాంగనీసు గడ్డలు పరుచుకుని ఉన్నాయి, పది లక్షల ఏళ్లకి కొన్ని మిల్లీమీటర్లు పెరుగుతాయి. ఆ మెత్తటి బురదలో గట్టిగా ఉండేది ఆ గడ్డే, స్పాంజిలూ పగడాలూ దాని మీదే అంటుకుని బతుకుతాయి, గడ్డ తీసేస్తే వాటి ఇల్లు పోయినట్టే. అక్కడి జాతుల్లో దాదాపు 90 శాతానికి ఇంకా పేరు లేదు. పెరూ దగ్గర 1989లో ప్రయోగం కోసం ఇలాంటి అడుగునే నాగలిలాంటి పరికరంతో గీశారు, 26 ఏళ్ల తర్వాత వెళ్తే చాళ్లు అలాగే ఉన్నాయి. అంతర్జాతీయ జలాల అడుగున గనుల వ్యవహారం చూసే ఇంటర్నేషనల్ సీబెడ్ అథారిటీ అక్కడ గనులు తవ్వకూడని 13 ప్రాంతాలు ప్రకటించింది, ఇది మెచ్చుకోవాల్సిందే. కానీ సైంటిస్టులు మొదట గీసిన ప్లాన్‌లో వాటిలో కొన్ని నడిమధ్యలో ఉండేవి, అప్పటికే కాంట్రాక్టులు ఇచ్చేసిన చోట్లు కావడంతో అంచులకి జరిగాయి.

2023లో ఒప్పుకున్న హై సీస్ ఒప్పందం 2026 జనవరి 17న అమల్లోకి వచ్చింది, దాంతో ఇకపై అంతర్జాతీయ జలాల్లో కూడా ఎంపీఏలు పెట్టొచ్చు, అదీ ఏకాభిప్రాయం రాకపోతే నాలుగింట మూడొంతుల ఓటుతో, అంటే అంటార్కిటికాలోలా ఒక్కరు అడ్డుపడితే ఆగిపోయే పని లేదు. కానీ ఈ ఒప్పందం ఇప్పటికే ఉన్న సంస్థల అధికారాన్ని తగ్గించకూడదని కూడా అందులోనే రాశారు, సీబెడ్ అథారిటీతో సహా. నీళ్లకి ఒక ఆఫీసు, అడుగుకి ఇంకో ఆఫీసు అన్నమాట. అట్లాంటిక్ నడుమ లాస్ట్ సిటీ అని ఒక చోటుంది, 2000లో కనిపించింది, అగ్నిపర్వతం వేడితో కాకుండా రాయీ సముద్రపు నీరూ కలిసి జరిగే రసాయన చర్యతో నడిచే వేడినీటి బుగ్గలు, 60 మీటర్ల ఎత్తు దాకా లేచిన తెల్లటి సున్నపు స్తంభాలు, కనీసం 30,000 ఏళ్లుగా ఆగకుండా. జీవం మొదట ఎలా పుట్టిందో వెతికేవాళ్లకి ఇలాంటి చోటు ఇంకోటి దొరకడం కష్టం. యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వానికి తగిన చోటుగా 2016లో పేర్కొంది, 2018లో సీబెడ్ అథారిటీ దాన్ని కూడా కలుపుకున్న ప్రాంతంలో పోలండ్‌కి ఖనిజాల అన్వేషణ కాంట్రాక్ట్ ఇచ్చింది. కొత్త ఒప్పందం కింద ఎవరైనా లాస్ట్ సిటీకి ఎంపీఏ ప్రతిపాదిస్తే ఆ రెండు కాగితాల్లో ఏది నిలబడుతుందో చూడాలి, దానికి జవాబు ఒప్పందంలో ఎక్కడా రాసి లేదు.